ఒక ఒరలో రెండు క్లాజులు

చట్టాలు రాసేవాళ్లకు హాస్యం తెలియదని ఎవరన్నారు? 2009 విద్యాహక్కు చట్టంలో టీచర్ల విధులు చెప్పే సెక్షన్ 24 తీసి చూడండి. ‘సి’ క్లాజు ప్రకారం సిలబస్ మొత్తం గడువులోగా పూర్తిచేయాలి. దాని కిందే ఉన్న ‘డి’ క్లాజు ప్రకారం ఒక్కో బిడ్డకు ఎంతవరకు వచ్చో చూసి, అవసరమైనవాళ్లకు అదనంగా చెప్పాలి. మొదటిది పరుగెత్తమంటుంది, రెండోది ఆగమంటుంది. రెండు కత్తుల్నీ ఒకే ఒరలో దూర్చి, ఆ ఒరను టీచరు మొలకు కట్టారు.

దాని బరువెంతో తెలియాలంటే హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ లాంటి చోటికి రావాలి. మాజీ సైనికులకు ఉద్దేశించిన భూముల్లో వెలసి, కూలీల ఇళ్లతో కిక్కిరిసి, 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయిన ఊరిది. హైదరాబాద్ చెత్త చేరేదీ ఇక్కడికే, దాన్ని ఏరి బతికేవాళ్లు ఉండేదీ ఇక్కడే. ఇలాంటి చోట ఒక తరగతి గదిలో ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్ల, ఏడాది మధ్యలో ఊరు మారి వచ్చిన పిల్లాడు, ట్యూషన్‌కు వెళ్లే పిల్ల పక్కపక్కనే కూర్చుంటారు. చేతికి రెండు డబ్బాలిచ్చినా తడి, పొడి చెత్త వేరుచేయలేని మహానగరం, ఒక్క పీరియడులో నాలుగు రకాల పాఠం చెప్పమని టీచరమ్మకు ఉత్తర్వు పంపుతుంది.

ఐదో తరగతి పిల్లాడు ఒకణ్ని ఊహించుకోండి. సాయంత్రం తుక్కు కొట్టు దగ్గర, తల్లి పక్కన నిలబడి కాటా ముల్లు మీదే కళ్లు పెడతాడు. కిలో పన్నెండు చొప్పున మూడున్నర కిలోల అట్టకు నలభై రెండని, సేటు నోరు తెరవకముందే చెప్పేస్తాడు. మర్నాడు బేస్‌లైన్ పరీక్షలో అవే అంకెలు ఒకదాని కింద ఒకటి నిలబడి కనిపిస్తే పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటాడు. రిజిస్టరులో వాడు ‘వెనకబడిన’ గ్రూపు.

పిల్లాడు ఊహే గానీ సంగతి ఊహ కాదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల్ని పరీక్షించి, ఫలితాలను 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. బేరం లెక్కలు నోటితో టకటకా కట్టే పిల్లలు బడి లెక్క దగ్గర తడబడ్డారు. బడి లెక్కలు చేసే పిల్లల్ని తెచ్చి బజారు లెక్క అడిగితే వాళ్లూ తడబడ్డారు. ఇంతకీ వెనకబడిందెవరు? రిజిస్టరులో ఆ గడి లేదు.

పథకాలకేం, కరువు లేదు. కేంద్రం 2021లో ‘నిపుణ్ భారత్’ అంది, తెలంగాణ 2022లో ‘తొలిమెట్టు’ అంది. ఐదో తరగతి లోపు పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టడానికి లేదు. అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. అంటే మూడో తరగతి వాచకం తెరిచిన రోజునే నలుగురిలో ముగ్గురికి అది పై తరగతి పుస్తకం. సిలబస్ మాత్రం జూన్‌లో బయలుదేరిన బస్సులా ఎవరెక్కారో చూడకుండా ఏప్రిల్‌కు డిపో చేరుకుంటుంది.

ఎవరికెంత వచ్చో తీరిగ్గా చూసుకునే వేళ ఒకటి టీచర్లకు దొరికింది, 2024 నవంబరులో. కాకపోతే చూడమన్నది పిల్లల్ని కాదు, ఇళ్లని. తెలంగాణ కులగణన సర్వేకు 36,559 మంది సెకండరీ గ్రేడ్ టీచర్లను, 3,414 మంది ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులను దించి, ప్రాథమిక బడులను ఒంటిపూటకు కుదించారు. ఉదయం బడి, మధ్యాహ్నం 75 ప్రశ్నల ఫారం. అదే విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 27 పదేళ్ల జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు మరో బోధనేతర పని పెట్టొద్దంటుంది. ఈ సర్వే ఆ మూడింటిలో దేని కిందికి వస్తుందో ప్లీడర్లు తేల్చాలి.

అసలు పరుగెత్తాలా, ఆగాలా అన్న చిక్కుముడి విప్పింది తెలుగు నేల మీదే. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర నుంచి, ఒకే టీచరుండే పల్లె బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి కార్డులుగా మార్చారు. గోడ మీద ఒక నిచ్చెన పటం, మెట్టుకో బొమ్మ గుర్తు. పిల్ల తానున్న మెట్టు చూసుకుని, తన కార్డు తానే తెచ్చుకుంటుంది. టీచరు ఎవరికి అవసరమో వాళ్ల పక్కన కూర్చుంటారు. నెల రోజులు రాని పిల్లాడు ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు. ‘సి’, ‘డి’ క్లాజులకు రాజీ కుదిర్చిన పెద్దమనుషులంటే వీళ్లే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా! 1995లో మైసూరు జిల్లా హెచ్‌.డి.కోటె టీచర్లు దీన్ని చూసి ‘నలి-కలి’ తయారు చేసుకుంటే కర్ణాటక నెత్తిన పెట్టుకుంది. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులు అందుకుంటే తమిళనాడు రాష్ట్రమంతా పాకించింది. ఏకోపాధ్యాయ బడులకు మందు కనిపెట్టిన ఆంధ్రప్రదేశ్ 2024-25 లెక్కల్లో అలాంటి బడులు 12,912తో దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. ఆ కార్డుల పద్ధతి ఎలా ఉంటుందో చూసిరావడానికి రేపో మాపో మన అధికారుల బృందమొకటి మైసూరుకు అధ్యయన యాత్ర పెట్టుకుంటే, టీఏ, డీఏ బిల్లులు మాత్రం ఎవరి స్థాయిని బట్టి వాళ్లకు వేరువేరుగా మంజూరవుతాయి.