ఫ్యానుతో ముఖాముఖి

హైదరాబాద్‌ ఫ్లాట్లో పది బై పది గది. అందులో అక్క, తమ్ముడు, సగం గది మింగిన వార్డ్‌రోబ్‌. ఇక మిగిలింది గాలే కదా అని నాన్నగారు లాఫ్ట్‌ బెడ్‌ తెచ్చారు. ఆరేళ్లు నిండని పిల్లల్ని పైమంచం ఎక్కించొద్దని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ మొత్తుకుంటోంది. మనవాడికి నాలుగే. ‘అలవాటైపోతుంది సార్‌’ అన్నాడు షాపువాడు. పరుపుకు పైన కనీసం 5 అంగుళాల రెయిలింగ్‌ ఉండాలి. అమ్మగారు వేయించిన ఎత్తుపరుపులో అది కాస్తా మునిగిపోయింది. లేచి కూర్చుంటే నెత్తిన సీలింగ్‌ ఫ్యాను. దానికీ ఉపాయం ఆలోచించారు: వాడు పైనున్నంతసేపూ ఫ్యాను కట్టేయడం. మే నెలలో! ప్రస్తుతం పిల్లలిద్దరూ అమ్మానాన్నల మంచం మీద, పైమంచం మీద ఆవకాయ జాడీలు. వాయిదాలు మాత్రం నడుస్తున్నాయి.