ఆత్మవిశ్వాసం అమ్మబడును

ఉద్యోగాలకు కరువు లేదట. కరువంతా ఉద్యోగం వెతికేవాడి మనసులోనే ఉందట. కరువంటే ఏమిటో అనంతపురం సీమ జనానికి ఎవరూ వచ్చి చెప్పాల్సిన పని లేదు గానీ, ఈ కొత్త రకం కరువును కనిపెట్టిన ఘనత మాత్రం వ్యక్తిత్వ వికాస నిపుణులదే. వాన కరువొస్తే ఇన్‌పుట్ సబ్సిడీ ఇవ్వాలి, పంటల బీమా ఇవ్వాలి, పశువులకు మేత చూడాలి. మనసు కరువుకు ఆ బాధే లేదు. రెండు గంటలు మైకు ముందు నిలబడి, శాలువా కప్పించుకుని, కారెక్కితే చాలు.

ముదిగుబ్బ లాంటి ఊళ్లో డిగ్రీ ముగించి రెండు మూడేళ్లుగా ఇంటి పట్టున ఉన్న పిల్లోడిని తలుచుకోండి. బయటికొస్తే "ఏమప్పా, ఇంగా ఏం కాలేదా?" అని ఒకాయన. "బెంగుళూరికన్నా పోరాదా?" అని ఇంకొకాయన. పోయొచ్చాడనీ, రూము అద్దెకు నాయన దగ్గరే డబ్బు తెప్పించుకోవాల్సి వచ్చి తిరిగొచ్చాడనీ ఆయనకు తెలియదు. ఈ పిల్లోడిని ఫంక్షన్ హాలులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వక్త గారు బోధిస్తారు: నిరుత్సాహం వదులు. రోజూ అద్దం ముందు నిలబడి నేను గెలుస్తాను అనుకో. ఇంటర్వ్యూలో ఎదుటివాడి కళ్లలోకి సూటిగా చూడు.

ఎవరి కళ్లలోకి? దరఖాస్తు పెట్టింది ఫోన్లో. వచ్చిన జవాబు "మీ దరఖాస్తు అందింది" అనే ఒక్క మెసేజి. కళ్లున్న మనిషి దాకా వ్యవహారం పోనే లేదు కదా సారూ!

తరువాత ఎడిసన్ వస్తాడు. ఆయన రాకుండా ఈ సభలు జరగవు. బల్బు వెలిగే ముందు వేలసార్లు ఓడిపోయాడని చెప్తారు, హాలంతా చప్పట్లు కొడుతుంది. పాపం, ఎడిసన్ అదృష్టవంతుడు. ఓడిన ప్రతిసారీ ఆయన పరీక్ష ఫీజు కట్టలేదు. హాల్ టికెట్ పట్టుకుని తెల్లవారుజామున కర్నూలు బస్సెక్కలేదు. బల్బు కనిపెట్టడానికి ఆయనకు గరిష్ఠ వయోపరిమితి లేదు. మధ్యలో ప్రభుత్వం మారి, ప్రయోగం రద్దయిందని పేపర్లో పడలేదు.

యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' అని పుస్తకం రాస్తే తెలుగువాళ్లు ఎగబడి కొన్నారు. మన పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికీ దగ్గర దగ్గర అన్నే మెట్లుంటాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎంత దూరమో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. 6,100 పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ పెడితే నాలుగున్నర లక్షల మందికి పైగా రాశారు, 95 వేల మంది గట్టెక్కారు. ఇక మైదానంలో పరుగు. ఆ పరుగు 2024 డిసెంబరు ఆఖరులో మొదలైంది. ఎన్నికల కోడ్ అన్నారు, కోర్టు కేసులన్నారు. 1,600 మీటర్లను ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తాలని అభ్యర్థికి గడువు పెట్టిన వ్యవస్థ, పరీక్ష హాలు నుంచి ఆ మైదానం దాకా రావడానికి దాదాపు రెండేళ్లు తీసుకుంది. స్టాప్‌వాచ్ ఎవరి మెడలో వేయాలో మీరే చెప్పండి. తుది రాతపరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టులో. ఈ రెండున్నరేళ్లూ ఊరి చెరువు కట్ట మీద చీకటితో లేచి పరిగెత్తినవాడికి వక్త గారు చెప్పే లోపం ఏమిటంటే, పట్టుదల చాలడం లేదట.

ఉద్యోగం ఇవ్వలేని ప్రభుత్వాలు వయసు ఇస్తాయి. 2018 డీఎస్సీ తరువాత టీచరు పోస్టులకు రాతపరీక్ష జరగడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒక నోటిఫికేషన్ వచ్చింది, ఎన్నికలయ్యాక రద్దయింది. చివరికి 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించి, గరిష్ఠ వయసు 44కు పెంచారు. నలభై దాటినవాడు పుస్తకాల సంచి తగిలించుకుని కోచింగుకు పోతుంటే పదో తరగతి చదివే కొడుకు ఎదురొచ్చి "నాయనా, నీది యా సబ్జెక్టు?" అని అడిగే భాగ్యం మనకే దక్కింది. అయితే న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ డీఎస్సీకి 2025 ఏప్రిల్ 20న నోటిఫికేషన్ ఇచ్చారు, జూన్, జూలైల్లో పరీక్షలు పెట్టారు, సెప్టెంబరులో నియామక పత్రాలు చేతికిచ్చారు. అంటే ఇవ్వాలని ఉంటే అయిదు నెలలు చాలు. అభ్యర్థులు వాళ్లే, వాళ్ల మనసులూ అవే. ఏడేళ్లలో ఏ వ్యక్తిత్వ వికాసమూ తేలేని ఫలితాన్ని ఒక్క నోటిఫికేషన్ తెచ్చింది.

సర్కారు కొలువుల మోజు వదిలి ప్రైవేటుకు పోరాదా అంటారు. మనకేం తక్కువ? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఉంది. 2017లో ఒప్పందం, 2019లో సెల్టోస్ కారు, ఏటా లక్షల కార్లు చేసే సామర్థ్యం. హిందూపురం వైపు పారిశ్రామికవాడలున్నాయి. అదే 2019లో రాష్ట్రం ఒక చట్టం కూడా చేసింది: ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే ఇవ్వాలని. మన పిల్లలకు నైపుణ్యం లేదు అని ఏ వేదిక మీద ఎవరన్నా ఆ చట్టాన్ని ఒకసారి చదివి వినిపించాలి. నైపుణ్యమున్న స్థానికులు దొరక్కపోతే, ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో వాళ్లకు నేర్పించి పని ఇవ్వాల్సిన బాధ్యత యాజమాన్యానిదేనని అందులో రాసుంది. ఈ చట్టం రాజ్యాంగం ముందు నిలుస్తుందా అనే అనుమానం హైకోర్టులోనే వచ్చింది, హర్యానాలో ఇలాంటిదాన్ని 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది కూడా. కోర్టు సంగతి కోర్టు చూసుకుంటుంది. నాకు నచ్చింది ఆ చట్టంలో నేర్పే బరువు ఎవరి నెత్తిన పెట్టారన్నది. మన సభల్లో ఆ బరువు మొత్తం ఐటీఐ పిల్లోడి నెత్తికే వస్తుంది.

తలుపు తడితే తెరుచుకుంటుందని వక్తలకు ఇంకో ఊతపదం. అయిదేళ్లలో దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయని కియా యాజమాన్యం 2025లో పోలీసులకు ఫిర్యాదు చేసింది. వాటిలో ఒక్కటి కూడా వ్యక్తిత్వ వికాస తరగతికి హాజరైన దాఖలా లేదు. తలుపు తట్టకుండానే దాటిపోయాయి.

ఇక జాబ్ మేళా. మరునాడు పేపర్లో ఫొటోతో సహా వస్తుంది: ఇన్ని కంపెనీలు వచ్చాయి, ఇంతమంది ఎంపికయ్యారు. ఆర్నెల్ల తరువాత వాళ్లలో ఎందరు ఆ పనిలోనే ఉన్నారన్న వార్త నేనెప్పుడూ చదవలేదు. బల్ల మీద కాగితంలో పదహారు వేలు అని ఉందనుకోండి. అది సీటీసీ. అంటే మన పీఎఫ్ ఖాతాలో కంపెనీ వేసే వాటా కూడా మనకిచ్చే జీతమే అని లెక్క. మన వాటా పీఎఫ్, ఈఎస్ఐ కోతపడి, క్యాంటీను, బస్సు పోయి, ఊరు దూరమైతే రూము అద్దె పోయి చేతికి మిగిలేది సెల్ రీచార్జికి సరిపోతే ఆ నెల మంచి నెల. చేరాక తెలుస్తుంది, తను కంపెనీ మనిషి కాదు, మ్యాన్‌పవర్ ఏజెన్సీ మనిషి అని. ఆర్డర్లు తగ్గగానే ముందు ఇంటికొచ్చేది అతనే. వస్తే ఊళ్లో మాట సిద్ధంగా ఉంటుంది: "ఈ కాలం పిల్లోళ్లకు ఓర్పు లేదు." ధర్మవరంలో తండ్రి మగ్గం మీద కూర్చుని నడుం పోగొట్టుకున్నాడు, కొడుక్కి ఆ నడుం నొప్పి రాకూడదనే చదివించాడు. ఓర్పు గురించి ఆ ఇంటికి పాఠం చెప్పాలంటే చాలా ధైర్యం ఉండాలి.

అసలు మన దేశంలో నిరుద్యోగి అనిపించుకోవడమూ తేలిక కాదు. కేంద్రం చేసే శ్రామిక సర్వేలో వారం లెక్క తీస్తే, ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. కూలీ ముట్టకపోయినా ఫరవాలేదు. నాయన శెనక్కాయ చేలో ఒక పూట కలుపు తీసిన ఎంబీయే పట్టభద్రుడు ఆ వారానికి స్వయం ఉపాధిపరుడు. పాపం, ఆ సంగతి అతనికే తెలియదు, తెలిస్తే అద్దం ముందు నిలబడి చెప్పుకునేవాడు.

ఈ నేల మీదే ఇంకో రకం ఉద్యోగమూ పుట్టింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. పని అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి, లేకపోతే భృతి ఇవ్వాలి అని 2005లో చేసిన ఆ చట్టంలో రాశారు. గుంత తీయడానికి వచ్చిన అవ్వను ఎవరూ "అయిదేళ్ల తరువాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటావు?" అని అడగలేదు. ఆత్మవిశ్వాసం సర్టిఫికెట్ జతచేయమనలేదు. పార పట్టుకునే మనిషికి గడువు రాసిచ్చిన దేశం, పెన్ను పట్టుకున్నవాడికి మాత్రం ఉపన్యాసం ఇస్తోంది.

ధైర్యం చెడ్డదని నేననను. అది స్నేహితుడు టీ తాగిస్తూ ఊరికే ఇస్తాడు, దానికి ఫ్లెక్సీలూ శాలువాలూ అక్కర్లేదు. వందసార్లు కాదనిపించుకున్నవాడు నీరసపడితే అది రోగం కాదు, జరిగింది సరిగ్గా అర్థమైందని గుర్తు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి మీ మండలంలో జాబ్ మేళానో ప్రేరణ సభో పెట్టి, చివర్లో "ఏమైనా సందేహాలా?" అని మైకు మీ చేతికిస్తే, సక్సెస్ రహస్యం అడగొద్దు. చేతికొచ్చే జీతం ఎంత? జీతం వేసేది కంపెనీయా, ఏజెన్సీయా? ఎన్ని నెలలకు పర్మినెంట్ చేస్తారు? పోయిన మేళాలో ఎంపికైనవాళ్లలో ఇంకా పనిలో ఉన్నది ఎంతమంది? ఈ నాలుగూ అడిగి, జవాబు కాగితం మీద రాసివ్వమనండి. రాసిచ్చేదాకా చప్పట్లు కొట్టకండి.