మా చేతుల్లో ఏముంది?

మేడ్చల్ పెట్రోలు బంకులో గన్ను పట్టుకున్న కుర్రాణ్ని ధర ఇంత ఎందుకని అడిగి చూడండి. "మా చేతులేముంది సార్, జీరో చూస్కోండి" అంటాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ మాట నిజాయితీగా అనగలిగేది అతనొక్కడే. లీటరు మీద డీలరు కమీషన్ ఐదు రూపాయలు దాటదు. ఆ కుర్రాడి జీతం, కరెంటు బిల్లు, మన టైర్లకు ఉచిత గాలి, అన్నీ అందులోంచే. అయినా మన అనుమానమంతా అతని మీదే. వందకు కొట్టిస్తే మోసమని నూటపదికి కొట్టించుకునే తెలివి మనది! ఆ పైపదిలో నాలుగు రూపాయలకు పైగా పన్నేనని మాత్రం మీటరు చూపించదు.

రవాణా ఖర్చని సరిపెట్టుకుందామా? విశాఖ నుంచి 572 కిలోమీటర్ల పైపులైను వచ్చి ఆగేది మన జిల్లాలోని ఘట్‌కేసర్‌లోనే. శామీర్‌పేట నుంచి బోయినపల్లి మార్కెట్‌కు టమాటా తీసుకెళ్లే ఆటో రైతుకు మాత్రం ఆ పైపులైను వల్ల ఒరిగిందేమీ లేదు.

ఢిల్లీ వారిదీ కుర్రాడి మాటే, కాస్త ఖరీదైన భాషలో: ధర నిర్ణయించేది అంతర్జాతీయ మార్కెట్. 2017 జూన్ 16 నుంచి రోజూ పొద్దున ఆరింటికి మారాల్సిన ధర ఇది. అంత నిష్ఠ గల మార్కెట్‌కు ఓటరు కార్డు కూడా ఉన్నట్టుంది. 2021 నవంబరు 4 తర్వాత ఉక్రెయిన్‌ మీద బాంబులు పడ్డా అది కన్ను తెరవలేదు. ఉత్తరప్రదేశ్ ఎన్నికల ఫలితాలు వచ్చాక, 2022 మార్చి 22న మెలకువ వచ్చింది. ఏప్రిల్ 6 కల్లా హైదరాబాద్‌లో రూ.108.20 కాస్తా రూ.119.49 అయింది. 2024 మార్చి 15న రెండు రూపాయలు తగ్గింది. మర్నాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు. ఎంత దయామయ మార్కెట్!

ధర పెరిగినప్పుడు ముద్దాయిలకు కొదవలేదు. ఒపెక్, పుతిన్, చివరికి పాత ప్రభుత్వం జారీ చేసిన ఆయిల్ బాండ్లు. ఆ బాండ్ల అసలు దాదాపు రూ.1.3 లక్షల కోట్లు. 2020-21లో పెట్రోలు, డీజిల్ మీద కేంద్రం వసూలు చేసిన ఎక్సైజ్ రూ.3.7 లక్షల కోట్లు. ఒక్క ఏడాది రాబడితో రెండుసార్లు తీర్చి దావతు కూడా ఇవ్వొచ్చు. మరి 2020 ఏప్రిల్‌లో బ్యారెల్ ఇరవై డాలర్లకు పడిపోయినప్పుడు మార్కెట్ ఎటు పోయింది? హైదరాబాద్‌లో పెట్రోలు రూ.73.97 దగ్గరే నిలబడింది. మే నెలలో కేంద్రం ఇంకో పది రూపాయల పన్ను కలిపి, తగ్గాల్సినదాన్ని తనే మింగింది. 2014లో లీటరుకు రూ.9.48 ఉన్న ఎక్సైజ్ అప్పటికి రూ.32.98.

2022 ఏప్రిల్ 27న ప్రధాని ముఖ్యమంత్రుల సమావేశంలో వ్యాట్ తగ్గించని రాష్ట్రాల పేర్లు చదివారు. అందులో తెలంగాణ ఉంది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌కు కోపం వచ్చింది: 2015 నుంచి మేం పెంచనే లేదు. నిజమే, 35.20 శాతం చెక్కుచెదరలేదు. కానీ శాతం పడేది కేంద్రం ఎక్సైజ్ కూడా కలిసిన మొత్తం మీద. ఢిల్లీ పది పెంచితే హైదరాబాద్‌కు మూడున్నర రూపాయలు అడక్కుండానే వచ్చిపడతాయి. వంట వాళ్లది, తిట్లు వాళ్లకు, వడ్డన మాత్రం మన విస్తరిలోకీ. అటు నీతులు చెప్పే కేంద్రం 2022 మే తర్వాత తీసుకున్న రూ.19.90లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన పద్దు కింద రాసింది రూ.1.40. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు.

2021 జులైలో ధరల మీద చలో రాజ్‌భవన్ చేసిన కాంగ్రెస్ 2023 డిసెంబరులో రాష్ట్రంలో గద్దెనెక్కింది. 2024 గడిచిపోయింది, 35.20 కదల్లేదు. రాజ్‌భవన్ దారి తెలిసినవారికి వాణిజ్య పన్నుల శాఖ దారి తెలియలేదేమో.

శామీర్‌పేటలో నల్సార్ ఉంది కదా, ఈ వ్యాజ్యాన్ని అక్కడి న్యాయ విద్యార్థులకు వాదించమని ఇద్దామంటే ఒక చిక్కుంది. వాది ప్రతివాదులు అప్పుడే రాజీపడ్డారు. 2021 సెప్టెంబరు 17న లక్నోలో 45వ జీఎస్టీ మండలి సమావేశం. కేరళ హైకోర్టు అడిగింది కాబట్టి పెట్రోలును జీఎస్టీలోకి తెచ్చే ప్రస్తావన వచ్చింది. అప్పట్లో అందులో పై శ్లాబు 28 శాతం. ఏడాది పొడవునా ఒకరి మీద ఒకరు వేలు చూపే కేంద్రమూ రాష్ట్రాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, దానికి ఇది సమయం కాదని తేల్చేశాయి. ఆ పూట ఎవరూ మార్కెట్ పేరెత్తలేదు.