మాట మీద నిలబడే మేడలు

హైదరాబాద్ శివార్లలో పునాది తవ్వకుండానే ముప్పై అంతస్తులు లేస్తుంటాయి. ఇంజినీర్లు కంగారు పడనక్కర్లేదు, అవి మాట మీద నిలబడతాయి. వ్యవహారంలో దీని పేరు ప్రీలాంచ్. స్థలం ఇంకా రైతు పేరు మీదే ఉంటుంది. అనుమతికి దరఖాస్తు కూడా పడదు. బ్రోచర్‌లో ఈతకొలను మాత్రం నీళ్లతో సహా సిద్ధం.

కొనేవాడేమీ అమాయకుడు కాడు. పాత ఫ్లాట్ అద్దెకిచ్చినప్పుడు పదకొండు నెలలకే అగ్రిమెంటు రాయించాడు. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ గొడవని నమ్మే లా పాయింటు మనిషి. గోడకు మేకు కొడితే ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత కోత, వాటర్ ట్యాంకర్ ఎవరి ఖాతా, అన్నీ రాతపూర్వకమే. అదే మనిషి అరవై లక్షలు కట్టే చోట "మనలో మనకు కాగితాలెందుకన్నా?" అని అమ్మేవాడు అనగానే కరిగిపోయాడు.

అసలు కాగితమే ఇవ్వలేదంటే పాపం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఎంఓయూ ఇచ్చారు. టవర్ నంబరు దగ్గర ఖాళీ, అంతస్తు దగ్గర ఖాళీ. అప్పగింత "అన్ని అనుమతులు వచ్చిన నాటి నుంచి" మూడేళ్లకు. డబ్బు కట్టాల్సిన తేదీ ఒక్కటే బోల్డు అక్షరాల్లో ఉంది. అడుగున నోటరీ ముద్ర చూసి మనవాడికి రిజిస్ట్రేషన్ అయిపోయినంత ధీమా.

2016 నాటి రెరా చట్టానికే అనుమానం ఎక్కువ. ఇంత పెద్ద ప్రాజెక్టును రెరా నంబరు లేకుండా అమ్మకూడదట. రాతపూర్వక ఒప్పందం చేసుకుని రిజిస్టర్ చేయించకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదట. మనవాడు వంద శాతం కట్టేసి, అడుగుకు రెండు వేలు తగ్గించానని చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు.

పద్ధతిగా అగ్రిమెంటు రాయించుకున్నవాళ్లకు వేరే కష్టాలు, దాన్ని చదవాలి. 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన గురుగ్రామ్ కేసులో కొన్నవాడు వాయిదా తప్పితే 18 శాతం వడ్డీ, బిల్డర్ ఆలస్యం చేసి డబ్బు వాపసిస్తే 9 శాతం. ఇలాంటి ఏకపక్ష షరతులకు కొన్నవాడు కట్టుబడనక్కర్లేదని కోర్టు తేల్చింది. మనవాడి రెండు పేజీల్లో కొట్టేయడానికైనా షరతుండాలిగా!

నాలుగేళ్లయింది. ఆ స్థలంలో కంది బాగా కాసింది. అమ్మిన మార్కెటింగ్ తమ్ముడు వేరే కంపెనీకి మారాడు. "పాత కాగితం పట్టుకురా అన్నా, మా కొత్త వెంచర్‌లో అడ్జస్ట్ చేపిస్తా" అన్నాడు. మనవాడు ఈసారి ఊరుకోలేదు. కారు పార్కింగ్ ఫ్రీగా ఇప్పిస్తానని తమ్ముడి చేత గట్టిగా మాట తీసుకున్నాడు.