డిస్కు తిరిగితే మాటలొస్తాయట!

చంటిపిల్లలను టీవీ ముందు పడుకోబెట్టి మేధావులను చేసే వ్యాపారం 1990ల చివర అమెరికాలో మొదలైంది. ఆ సరుకుకు పెట్టిన పేరు బేబీ ఐన్‌స్టైన్. అసలు ఐన్‌స్టైన్‌కే మాటలు ఆలస్యంగా వచ్చాయని, ఇంట్లోవాళ్లు బెంగపడ్డారని ఆయన చెల్లెలు మాయా రాసిపెట్టింది. ఆ ముక్క డబ్బా మీద అచ్చువేయలేదు.

మొదటి వీడియో జార్జియా రాష్ట్రంలో ఒక ఇంటి నేలమాళిగలో తయారైంది. తెర మీద బొమ్మలు కదులుతుంటాయి, వెనక ఏడు భాషల్లో మాటలు వినిపిస్తుంటాయి. బిడ్డను ఒక్క భాషలోనైనా పలకరించే తీరిక లేని ఇళ్లకు ఇంతకంటే ఏం కావాలి? 2001లో డిస్నీ ఈ కంపెనీని కొనేసింది. 2007 జనవరిలో అధ్యక్షుడు బుష్ కాంగ్రెస్ ప్రసంగంలో దాని వ్యవస్థాపకురాలిని మెచ్చుకున్నాడు.

ఈ వ్యాపారానికి పెట్టుబడి తల్లిదండ్రుల భయం. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. ఇంగ్లిష్ ఇళ్లలోని ఆరేడు నెలల పిల్లలు హిందీలోని ట, త తేడాను పసిగడతారనీ, ఏడాది నిండేసరికి ఆ నేర్పు సన్నగిల్లుతుందనీ పరిశోధకురాలు జానెట్ వెర్కర్ 1984లోనే చూపింది. గడువు దాటిపోతుందన్న కంగారును కంపెనీలు డబ్బాల్లో పెట్టి అమ్మాయి. చెవికి శబ్దం తగిలితే చాలు, భాష వచ్చేస్తుందన్నది వాటి సిద్ధాంతం.

ఆ సిద్ధాంతాన్ని మరో పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ 2003లో సియాటిల్‌లో పరీక్షకు పెట్టింది. తొమ్మిది నెలల అమెరికా పిల్లల ఎదుట చైనీయులు కూర్చుని, పుస్తకాలు చదువుతూ, బొమ్మలాడిస్తూ మాండరిన్‌లో మాట్లాడారు. ఒక్కోసారి 25 నిమిషాల చొప్పున మొత్తం 12 సార్లు. ఆ పిల్లలు మాండరిన్ ధ్వనుల తేడాను తైవాన్ పిల్లలతో సమానంగా పట్టుకున్నారు. అదే మాండరిన్‌ను అంతేసేపు టీవీలో చూసిన పిల్లలకు వచ్చింది సున్నా. ఎదుట మనిషి ఉంటే బిడ్డ ఆ చూపు వెంట చూపు పోనిచ్చి, ఏ బొమ్మను ఏమంటున్నారో గమనిస్తుంది. టీవీలోనో, బిడ్డ “ఉంగా” అంటే ఊకొట్టే నాథుడే లేడు.

2007 ఆగస్టులో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం మరో అధ్యయనం ప్రకటించింది. 8 నుంచి 16 నెలల పిల్లల్లో రోజుకు గంటసేపు ఇలాంటి వీడియోలు చూసేవారికి, చూడనివారికంటే 6 నుంచి 8 మాటలు తక్కువ తెలుసునని అందులో తేలింది. నష్టానికి వీడియోలే కారణమని అది రుజువు కాదు, లాభముందనడానికైతే దాఖలా అసలే లేదు. ప్రకటనను వెనక్కి తీసుకోమని డిస్నీ అధిపతి పట్టుబట్టాడు. విశ్వవిద్యాలయం ససేమిరా అంది. 2009లో డిస్కులు తిరిగిచ్చినవారికి ఒక్కోదానికి 15.99 డాలర్ల చొప్పున, ఇంటికి నాలుగింటిదాకా డబ్బు వాపసిస్తామని డిస్నీయే చెప్పింది.

నమ్మకం మాత్రం వాపసు రాలేదు. 2010లో జూడీ డెలోచ్ పరిశోధక బృందం ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకు బాగా అమ్ముడుపోయే ఒక డీవీడీని నాలుగు వారాలు చూపించింది. అసలు చూడని పిల్లలకంటే వాళ్లకు ఎక్కువ మాటలేమీ రాలేదు. అయినా డీవీడీ నచ్చిన తల్లిదండ్రులకు తమ బిడ్డ బోలెడు నేర్చుకున్నట్టే తోచింది. అందరికంటే ఎక్కువ మాటలు పట్టుకున్నది, డీవీడీ ఊసే లేని ఇళ్లలో రోజువారీ పనుల మధ్య అమ్మానాన్నలు ఆ డీవీడీలోని మాటలే చెబుతూ వచ్చిన పిల్లలు.