శీతపేటికా పద్యం: 'అరవై మూడో రహదారి' వ్యాఖ్యాసహితం

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడైన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అనీ, మాఘుడి కావ్యానికి రాసినదానికి సర్వంకష అనీ, భారవికి రాసినదానికి ఘంటాపథమనీ పేర్లు పెట్టాడు. ఘంటాపథమంటే రాజమార్గం. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన నియమం. ప్రస్తుత వ్యాఖ్యాతకు మొదటి నియమంతో చిక్కు లేదు, మూలమూ తనదే గనుక. రెండోదానికి మాత్రం హామీ ఇవ్వడు. రాజమార్గాలు జాతీయ రహదారులైన కాలం కాబట్టి ఈ వ్యాఖ్యకు 'అరవై మూడో రహదారి' అని నామకరణం. జగిత్యాల నుంచి ధర్మపురి మీదుగా, రాయపట్నం వంతెనపై గోదావరి దాటి, లక్షెట్టిపేట, మంచిర్యాలల వైపు సాగే దారి అదే.

సందర్భం: ఎండాకాలం. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం సుమారు 230 కిలోమీటర్లు ప్రయాణించి ధర్మపురిలో గోదావరి స్నానం, లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకోవాలనీ, మరునాడు జన్నారం, కడెం మీదుగా కుంటాల జలపాతం చూడాలనీ సంకల్పించింది. కారులో బ్యాటరీతో నడిచే చిన్న ఫ్రిజ్ ఉంది. దానిని గురించిన పద్యమిది.

ఛందస్సు తేటగీతి. నరసింహ శతకం చెప్పిన శేషప్ప కవి ఊరు ధర్మపురి. ఆ శతకమంతా సీసాల్లోనే నడిచింది. ఆయన ఊరికి పోతూ మనమూ సీసం ఎత్తుకోవడం సాహసం. అందుచేత ఇక్కడ సీసం కారు బ్యాటరీలోనే ఉంది, పద్యంలో లేదు.

మూలం

కారు వెనుకను గల పెట్టె కడుపు చల్ల
బ్యాటరియె దాని ప్రాణమ్ము పగలు రేయి
మూత తెరువకు మాటికి ముట్టి చూడ
ధర్మపురి దాఁక పులియదు దధియు సల్ల

ప్రతిపదార్థం

కారు వెనుకను = డిక్కీయందు; గల = సామాన్లన్నీ సర్దాక మిగిలిన జాగాలో ఉన్నట్టి; పెట్టె = శీతపేటిక యొక్క; కడుపు = లోపలి భాగం; చల్ల = చల్లనిది; బ్యాటరియె = లిథియం కావచ్చు, సీసం కావచ్చు, విద్యుత్తును దాచుకున్న డబ్బాయే; దాని ప్రాణమ్ము = దానికి ఊపిరి; పగలు రేయి = బండి నడిచినా ఆగినా; మాటికి = ఊరూరికీ; ముట్టి చూడ = చల్లబడిందో లేదో తడిమి చూడడానికి; మూత తెరువకు = మూత తీయవద్దు; ధర్మపురి దాఁక = క్షేత్రం చేరేవరకు; దధియు = పెరుగును; సల్ల = మజ్జిగయు; పులియదు = పులిసిపోదు.

'సల్లయు' అనవలసి ఉండగా 'యు' లోపించిందేమని శంక. లగేజీ ఎక్కువై గణంలో చోటు చాలలేదని సమాధానం.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో 'దధియు బీరు' అని కనిపిస్తుంది. ఛందస్సుకు అడ్డు లేదు, క్షేత్రానికే అడ్డు. కనుక అది కుంటాల వైపు పోయే శాఖవారి పాఠమని గ్రహించి ఇక్కడ వదిలేశాం.

'కడుపు చల్ల' వివరణ

ముందు ఇంజను మండుతూ ఉంటే వెనుక పెట్టె కడుపు చల్లగా ఉండడం విరోధాభాసాలంకారం. పరిహారం ఏమంటే, ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. పారబోయడానికి జాగా కావాలి. పెట్టె పక్కనున్న జాలీకి ఆనించి పరుపుచుట్టలు, బట్టల సంచులు కుక్కితే ఆ వేడి పోయే దారి లేక తిరిగి లోపలికే వస్తుంది. అప్పుడు విరోధం మిగులుతుంది, ఆభాసం పోతుంది.

ఈ పెట్టెల్లో రెండు సంప్రదాయాలున్నాయి. మొదటిది పెల్టియర్ మతం. 1834లో ఫ్రాన్సు దేశస్థుడు జీన్ పెల్టియర్ రెండు లోహాల అతుకు గుండా విద్యుత్తు పోతే ఒక వైపు చల్లబడుతుందని గమనించాడు. ఆ సూత్రంతో చేసిన పెట్టె తేలిక, చప్పుడు తక్కువ, ధరా తక్కువే. అయితే బయటి వేడికన్నా దాదాపు ఇరవై డిగ్రీలు తగ్గించడమే దాని శక్తి. ఊటీలో అది ఫ్రిజ్. మే నెల ధర్మపురిలో బయట 43 డిగ్రీలుంటే లోపల 23. పెరుగు పులియడానికి అది చాలు. రెండోది కంప్రెసర్ మతం. ఇంట్లో ఫ్రిజ్ పనిచేసే పద్ధతే, 12 వోల్టుల మీద. బయట ఎంత కాగుతున్నా లోపల నాలుగు డిగ్రీలు నిలుపుతుంది, కావాలంటే గడ్డకట్టిస్తుంది కూడా. పద్యంలోని పెట్టె రెండో మతానిది. లేకుంటే నాలుగో పాదం అబద్ధమవుతుంది.

'ప్రాణమ్ము' వివరణ

ధర్మపురిలో యమధర్మరాజుకు గుడి ఉంది. ఆ ఊరికి పోతూ ప్రాణమనే మాటను కవి ఊరికే వాడడు. లెక్క చూడాలి.

కంప్రెసర్ తిరిగేటప్పుడు ఈ చిన్న పెట్టె సుమారు 45 వాట్లు తీసుకుంటుంది. సగం సేపు తిరిగి సగం సేపు ఆగితే సగటున 22 వాట్లు. 270 వాట్ అవర్ల పవర్ స్టేషన్ (చేత మోసుకుపోయే పెద్ద బ్యాటరీ) పెడితే, నష్టాలు పోను, పది గంటల ఆయుష్షు. మే నెల మధ్యాహ్నం కంప్రెసర్‌కు విశ్రాంతి దొరకదు కనుక ఆయుష్షు సగానికి పడిపోతుంది. ఫోన్‌కు వాడే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు పెద్దగా కనిపిస్తుంది గానీ అందులో ఉన్నది 74 వాట్ అవర్లే. దాన్ని నమ్ముకుంటే స్వామి దర్శనం క్యూలోనే గండం.

కారు బ్యాటరీనే వాడితే కాదా అని శంక. బండి నడుస్తున్నంతసేపూ వాడవచ్చు, ఆల్టర్నేటర్ నింపుతూనే ఉంటుంది. బండి ఆగాక వాడితే సీసం బ్యాటరీ అడుగంటిపోతుంది. సాయంత్రం కోనేటి దగ్గరి నుంచి కారు తోసుకుంటూ రావాలి. చాలా కార్లలో తాళం తీయగానే సిగరెట్ లైటర్ సాకెట్ కూడా ఆగిపోతుంది గనుక ఈ పాపం చేయాలన్నా కుదరదు. మంచి పెట్టెలకు వోల్టేజి పడిపోతే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, దానికి సాధారణంగా మూడు మెట్లు. కారు బ్యాటరీకి కలిపితే పై మెట్టు, విడి బ్యాటరీకి కలిపితే కింది మెట్టు. ఈ ఒక్క మీట తెలియక పెట్టెను చెడిపోయిందని తిట్టేవారు ఎక్కువ.

ప్రాణానికి ఇంకో ధర్మం ఉంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదన్నది తయారీదారులు మామూలుగా చెప్పే హద్దు. ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి దర్శనానికి పోయేటప్పుడు చెప్పులు ఎక్కడ విడవాలో ఆలోచించే ముందు కారుకు నీడ వెతకాలి.

జగిత్యాల వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు అరుదు. అక్కడి ఎడారి షికార్లకు వాడే పెట్టెను సెలవుకొచ్చే అల్లుడో మేనల్లుడో మోసుకొస్తాడు. ప్రయాణికుల విమానంలో 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ఎక్కనివ్వరు. అందువల్ల దేహం మెట్‌పల్లి చేరుతుంది, ప్రాణం దుబాయ్‌లో ఉండిపోతుంది. బ్యాటరీ ఇక్కడే కొనుక్కోవాలి.

'మూత తెరువకు' వివరణ

ఇది విధివాక్యం, నిషేధరూపం. ప్రతి టోల్‌గేటు దగ్గరా వెనుక సీటు నుంచి "సల్లగైందా నాయినా, ఒక్కపారి సూద్దామా?" అని ప్రశ్న వస్తుంది. చూడరాదు. ప్రతి చూపుకూ వేడిగాలి లోపలికి పోతుంది, కంప్రెసర్ మళ్లీ మొదలు. తాగే నీళ్ల సీసాలు వేరే పెట్టుకుంటే సగం తెరవడాలు తప్పుతాయి.

రసం: బ్యాటరీ అంకె ఇరవై శాతం దాకా శాంతం. అటుపై భయానకం.

'దధియు సల్ల' ఉపలక్షణం

పెరుగు, మజ్జిగ పేర్లు చెప్పినా, లోపల పెట్టదగిన అన్నిటినీ కవి సూచించాడని గ్రహించాలి. పెట్టదగనివాటినీ చెప్పాలి.

మామిడి: జగిత్యాల పక్కన చల్‌గల్‌లో మామిడి మార్కెట్ ఉంది. అక్కడ కొన్న పచ్చివి, దోరవి పెట్టెలో పెట్టకూడదు. సుమారు 13 డిగ్రీలకు దిగువన మామిడి మాగదు, తొక్క నల్లబడి రుచి చెడుతుంది. బాగా మాగినవాటిని తినే ముందు చల్లబరుచుకోవచ్చు.

కల్లు: చల్లదనంలో పులియడం నెమ్మదిస్తుందే గానీ ఆగదు. మూత బిగించిన సీసాలో వాయువు చేరి మూత ఎగురుతుంది. ఇది కూడా ఇంతకుముందు చెప్పిన శాఖవారికే.

ఇన్సులిన్: పెట్టె జన్మ సార్థకమయ్యేది ఇక్కడే. వాడడం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకడితే కరిగినా వాడకూడదు, పారేయాలి. అందుకే పెట్టెను ఐసుక్రీము అంకె మీద పెట్టి అందులో ఇన్సులిన్ వేయడం మహాదోషం. లోపల ఒక చిన్న థర్మామీటరు వేసుకోవడం ఉత్తమం.

పూర్వపక్షం

ఇంతా ఎందుకు, రంజన్ కుండ చాలదా అని ఒక వాది. ఎండుగాలికి కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరై లోపలి నీటిని చల్లబరుస్తుంది, ఖర్చు లేదు. నిజమే. అయితే గాలి తడిసినప్పుడు కుండ చేతులెత్తేస్తుంది. 2015 గోదావరి పుష్కరాలు జులై 14 నుంచి 25 దాకా జరిగాయి, వానాకాలం. రాబోయేవి 2027లో. అప్పుడు రంజన్‌ను నమ్ముకోలేం. అదీగాక కుండ నీళ్లకే, పాలకు కాదు.

ఐసు గడ్డ, థర్మోకోల్ డబ్బా చాలదా అని రెండో వాది. ఇతడు బలవంతుడు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి, అంటే సుమారు 93 వాట్ అవర్లు మింగుతుంది. ఐదు కిలోలు 460 పైచిలుకు మింగుతాయి. పైన చెప్పిన పవర్ స్టేషన్ తన ప్రాణమంతా ధారపోసినా, మండుటెండలో చిన్న కంప్రెసర్ మోసే వేడి అంతకన్నా తక్కువే ఉండవచ్చు. వేల రూపాయల యంత్రాన్ని ఐసు గడ్డ ఓడించిందని ఒప్పుకోక తప్పదు.

సిద్ధాంతం

ఓడించింది, మొదటి రోజు. రెండో రోజు ఐసు నీళ్లవుతుంది, డబ్బాలో ప్రసాదం పొట్లాలు తడుస్తాయి, ఇన్సులిన్ మునుగుతుంది. కవ్వాల్ అభయారణ్యం దారిలో ఐసు ఎక్కడ దొరుకుతుందని అడవిని అడగలేం. ఫ్రిజ్‌కు మాత్రం బండి కదలగానే ప్రాణం తిరిగి వస్తుంది. కాబట్టి ఆగిన బండికి ఐసు, నడిచే బండికి ఫ్రిజ్ అని వ్యవస్థ. గుడారం వేయాలనుకునేవారు అటవీ శాఖ అనుమతి ఉన్నచోటే వేయాలి. తిండి బయట వదిలితే దాని వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి, వాటికి శాస్త్రచర్చ అక్కర్లేదు.

తాత్పర్యం

డిక్కీలోని పెట్టె చల్లదనాన్ని చేసేది కాదు, కాచేది. ఇంటి కరెంటు మీద ముందు రాత్రే దాన్ని చల్లబరచి, ఇంటి ఫ్రిజ్‌లో చల్లబడినవాటినే అందులో పెట్టి, ఖాళీ జాగాలో గడ్డకట్టిన నీళ్ల సీసాలు ఇరికించి, మూత ముట్టకుండా పోయేవారికి పెరుగు తియ్యగా ఉంటుంది. వేడి నీళ్ల సీసాలు వేసి దారిలో చల్లబడతాయని ఆశపడేవారికి అవి చల్లబడకముందే బ్యాటరీ చల్లబడుతుంది.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారు కొట్టుకు పోయే ముందు తమ యాత్ర ఎన్ని రాత్రులో లెక్కపెట్టుకోవాలి. పొద్దున పోయి రాత్రికి తిరిగి వచ్చేవారికి ఐదు కిలోల ఐసు, ఒక థర్మోకోల్ డబ్బా చాలు. ఆ డబ్బాను నది ఒడ్డున పారేయకుండా ఇంటికి తెచ్చుకోవాలి. రెండో రాత్రి కూడా బయట గడిపేవారు, మందులు చల్లగా ఉంచుకోక తప్పనివారు ఈ పెట్టె కొనుక్కోండి. కొంటే కంప్రెసర్‌దే కొనండి.