ముప్పాతిక తోడేలు

భైరవ మా బావ ఇంటికొచ్చేనాటికి ఎనిమిది వారాల పిల్ల. ధర మూడు వేల డాలర్లు. "ముప్పాతిక తోడేలు, పాతిక కుక్క" అని అమ్మినవాడు నోటితో చెప్పాడే తప్ప కాగితం ముక్క ఇవ్వలేదు. బావకు ఆ మాటే చాలు. డెన్వర్ శివార్లలో మాకు తెలిసిన తెలుగువాళ్లలో తోడేలును పెంచుతున్నది తనొక్కడే అన్నది ఆయనకు ప్రాణంతో సమానమైపోయింది.

ఇంటికి ఎవరొచ్చినా ముందు భైరవను చూపించి, ఆ తర్వాతే కూర్చోబెట్టేవాడు. 1955లో చెకోస్లోవేకియాలో కారెల్ హార్ట్ల్ ఆధ్వర్యంలో జర్మన్ షెపర్డ్‌ను కార్పాతియన్ తోడేలుతో దాటించారనీ, సరిహద్దు కాపలాకు పనికొస్తాయని ఆ పిల్లల్ని పెంచారనీ, ఆ సంతతికే 1999లో అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య పూర్తి గుర్తింపు ఇచ్చిందనీ తన్మయంగా చెప్పేవాడు. విన్నవాళ్లు భైరవ వైపు కాస్త భయంగా చూసేవాళ్లు. ఆ చూపు కోసమే బావ ఆ కథంతా చెప్పేవాడని మా అక్క అనేది.

భైరవ మాత్రం ఎవర్నీ భయపెట్టలేదు. కొత్తవాళ్లు గుమ్మంలో అడుగుపెడితే ఎదురెళ్లి చేతులు నాకేవాడు. తోక వీపు మీదికి గుండ్రంగా చుట్టుకుని ఉండేది. ఎడమ కన్ను నీలం. "తోడేలు చూపంటే అదేరా" అనేవాడు బావ.

నాకు అనుమానంగానే ఉండేది. కొలరాడోలోనే వెస్ట్‌క్లిఫ్ దగ్గర మిషన్ వుల్ఫ్ అనే ఆశ్రయ కేంద్రం ఉంది. మనుషుల దగ్గర పుట్టి అడవికి పనికిరాకుండా పోయిన తోడేళ్లనూ, తోడేలు సంకరాలనూ అక్కడ పెంచుతారు. పిల్లలుగా ఉన్నప్పుడు ముద్దొచ్చి తెచ్చుకుంటారు. రెండేళ్లు దాటి వయసుకొచ్చాక వాటిలోని అడవి బయటపడుతుంది. సోఫాలు చీలుస్తాయి, కంచె కింద గొయ్యి తవ్వుతాయి, ఆరడుగుల గోడైనా దూకుతాయి. కొత్త మనిషి కనిపిస్తే మీదపడడం కాదు, బెదిరి చాటుకు పోవడమే వాటి తీరు. ఎనిమిదడుగుల కంచె, అడుగున తవ్వకుండా పరిచిన ఇనుప వల, రోజూ కిలోల కొద్దీ మాంసం ఎంతమంది ఇవ్వగలరు? ఇవ్వలేక వదిలించుకుంటారు. తీసుకునే చోటు దొరకనివి బతకవు.

భైరవకు ఏడాది వయసులో టీకాలకు తీసుకెళ్తుంటే బావతో నేనూ వెళ్లాను. డాక్టరమ్మ వాడి తోక చూసింది, కన్ను చూసింది.

"తోడేలు తోక కిందికి వేలాడుతుంది, ఇలా చుట్టుకోదు. పెద్ద తోడేలుకు నీలి కళ్లు ఉండవు. నాకైతే వీడిలో హస్కీ, మాలమ్యూట్ కనిపిస్తున్నాయి. జాతి దగ్గర మిశ్రమ జాతి కుక్క అని రాయనా?"

"తోడేలు సంకరం అని రాయండి. డెబ్బై అయిదు శాతం" అన్నాడు బావ.

ఆమె కలం ఆపింది. "రాస్తే ఒక చిక్కుంది. తోడేలు సంకరాల కోసం అనుమతి పొందిన రేబిస్ టీకా అమెరికాలో ఒక్కటీ లేదు. కుక్కకు వేసేదే వీడికీ వేస్తాను. కానీ రేపు ఎవరినైనా కరిస్తే, అధికారుల లెక్కలో వీడు టీకా పడనివాడే. బాగా ఆలోచించుకోండి."

బావ ఆలోచించలేదు. సంతకం పెట్టాడు.

2025 ఫిబ్రవరిలో బావ పుట్టినరోజుకు మా మేనకోడలు డీఎన్ఏ పరీక్ష కిట్ కొనిచ్చింది. "నువ్వు చెప్పేది నిజమని అందరికీ చూపిద్దాం నాన్నా" అంటూ తనే భైరవ చెంప లోపల పుల్లతో రుద్ది, నమూనా పోస్టులో పంపింది. ఫలితం రావలసింది బావ ఈమెయిల్‌కి.

ఆ రోజుల్లోనే బెంగళూరు కబురు వచ్చింది. అక్కడ ఒకాయన యాభై కోట్లు పెట్టి తోడేలు కుక్కను కొన్నానని చెప్పుకుంటే దేశమంతా వార్త అయింది. ఉగాదికి కలిసినప్పుడు అందరూ దాని గురించే మాట్లాడారు. బావ ముఖం వెలిగిపోయింది. ఏప్రిల్‌లో ఈడీ అధికారులు ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లి, ఆ కొనుగోలు కథ ఉత్తదేనని తేల్చినట్టు మళ్లీ వార్తలొచ్చాయి. మా వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి ఒకటే నవ్వులు. "మరి మన భైరవ సంగతేంటి?" అని ఎవరో అడిగారు. బావ బదులివ్వలేదు.

కొన్నాళ్లకు మేనకోడలు ఫలితం గురించి అడిగింది. "నమూనా పాడైందట తల్లీ. మళ్లీ చూద్దాంలే" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

శ్రావణ మాసంలో అక్క వ్రతం చేసుకుంది. పెద్దవాళ్లంతా లోపల ఉన్నారు. పెరట్లో ఆడుకుంటున్న నాలుగేళ్ల బాబు బంతి దొర్లి, తిండి తింటున్న భైరవ గిన్నె కిందికి వెళ్లింది. బాబు చెయ్యి పెట్టాడు. ఒక్క పంటి గాటు. ఆస్పత్రిలో మూడు కుట్లు వేశారు. "తింటున్నప్పుడు చెయ్యి పెడితే ఏ కుక్కయినా అంతే" అన్నారు బాబు అమ్మానాన్నలు. వాళ్లకు కోపం లేదు. కానీ కుక్క కాటుకు వైద్యం చేసిన ఆస్పత్రి ప్రభుత్వానికి తెలియజేయాలి. తెలియజేసింది.

మర్నాడు సాయంత్రం జంతు నియంత్రణ విభాగం నుంచి ఒక అధికారి వచ్చింది. పలకరించడానికి వచ్చిన స్నేహితులతో హాలంతా నిండి ఉంది. ఆమె చేతిలో భైరవ టీకా కాగితం ఉంది.

"కుక్క అయితే పది రోజులు కట్టి ఉంచి గమనిస్తాం. రేబిస్ వైరస్ ఉమ్మిలోకి వచ్చిన కొద్ది రోజుల్లోనే కుక్క జబ్బు పడుతుంది. పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి ఉమ్మిలో వైరస్ లేనట్టే. తోడేలు సంకరానికి అలాంటి గడువు ఎవరూ తేల్చలేదు. దానికి పరీక్ష ఒక్కటే దారి." ఆమె గొంతు తగ్గించింది. "ఆ పరీక్ష మెదడు మీద చేస్తారు."

అక్క కుర్చీలో కూలబడింది. "వాడు కుక్కే! ఎవరైనా చూసి చెప్పొచ్చు" అని మేనకోడలు ఏడ్చింది.

ఆ అధికారి మనసున్న మనిషి. బావ దగ్గరికొచ్చి నిదానంగా అడిగింది. "సార్, ఇది తోడేలు కాదని చెప్పే కాగితం మీ దగ్గర ఏదైనా ఉందా? ఏదైనా సరే. ఉంటే ఆరోగ్య శాఖ వాళ్లతో ఇప్పుడే మాట్లాడతాను."

హాల్లో అందరూ బావ వైపే చూస్తున్నారు. బావ ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"లేదు" అన్నాడు.

భైరవను ఎవరూ లాగనక్కర్లేదు. షికారు అనుకున్నాడు కాబోలు, తనే ఎగిరి వ్యాను ఎక్కాడు.

మూడో రోజు ఫోన్ వచ్చింది. రేబిస్ లేదు. బాబు క్షేమం. మాకు ఊపిరి వచ్చింది, వెంటనే దుఃఖం కూడా వచ్చింది. నిజంగా తోడేలు రక్తం ఉన్న జీవాన్ని పెరట్లో బంధించడం దానికి శిక్ష. ఆ రక్తం లేని కుక్కకు తోడేలని పేరు పెట్టడం దాని మెడకు ఉరి. గొప్ప మనది, శిక్ష నోరులేని దానిది. ఈ మాట పెంపకందార్లందరూ వినాలనే ఇది రాస్తున్నాను.

బావ ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. బెంగ పెట్టుకున్నాడనుకుని ఆయన్ని మేమే ఓదార్చాం.

మేనకోడలు మాత్రం ఊరుకోలేకపోయింది. భైరవ దువ్వెనలో మిగిలిన వెంట్రుకలతోనైనా పరీక్ష చేస్తారా అని ఆ కిట్ కంపెనీకి రాసింది. నిన్న రాత్రి నాకు ఫోన్ చేసింది.

"వెంట్రుకలు అక్కర్లేదన్నారు మావయ్యా. మనం ముందు పంపిన నమూనా బాగానే ఉందట. హస్కీ, మాలమ్యూట్, జర్మన్ షెపర్డ్. తోడేలు సున్నా."

"అయ్యో! ఆ రిపోర్టేదో అప్పుడే మీ నాన్నకు పంపి ఉంటే..."

"పంపారు మావయ్యా. నాన్న దాన్ని ఏప్రిల్‌లోనే తెరిచి చూసుకున్నాడు."